ఎర్రకారు సాకు

నారాయణఖేడ్‌లో కార్లకు కొదవ లేదు గానీ, ఎర్రకారు అంటే ఒక్కటే. జగన్నాథ్ టెంట్ హౌసుది. రెండే సీట్లు, వెనక్కి మడిచే పైకప్పు, నేలను వాసన చూస్తున్నట్టు వంగిన మూతి. బొంబాయిలో ఏ కుర్రకారో ముచ్చటపడి కొనుక్కున్న పందెం బండి అది. చేతులు మారీ మారీ, బీదర్ మీదుగా ఖేడ్ చేరేసరికి కుర్రకారు కారు కాస్తా బారాత్ కారైంది. గాలితో పోటీ పడటానికి పుట్టిన బండి, బ్యాండు మేళం వెనక, చిందులేసే మేనమామల కంటే నెమ్మదిగా నడవడం నేర్చుకుంది. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ పేరు సరిగ్గా పలికేవాడు ఊళ్ళో లేడు కనుక ఎవరూ బెంగపెట్టుకోలేదు.

రెండు సీట్లలో ఒకటి డ్రైవరు వీరేశ్‌ది, రెండోది లైట్ల బ్యాటరీది. ఇక కొత్త జంటకు డిక్కీయే దిక్కు. డిక్కీ మీద పరుపు, పరుపు మీద మఖ్మల్, మఖ్మల్ మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. ఆ డిక్కీ కింద పెట్రోలు టంకీ. ముందర పటాకులు పేలుతుంటే, వెనక పెట్రోలు మీద కూర్చొని ఖేడ్‌లో సంసారాలు మొదలవుతుంటాయి. తర్వాత ఇంట్లో మంటలు లేస్తే అది కారు తప్పు కాదు.

అలాంటి కారుకు బుధవారం పొద్దున ఒక రోగం కావలసి వచ్చింది.

జగన్నాథ్ సేటు దుకాణం అరుగు మీద కూర్చొని జొన్నరొట్టె తింటున్నాడు. షుగరు పట్టుకున్నప్పటి నుంచి పొద్దున ఆయనకు అదే ఫలహారం. బస్టాండు గోడ పక్కన రిబ్కమ్మ పెనం మీద కాలిన రొట్టెలను వీరేశ్ మోసుకొస్తాడు. రొట్టె పొగలు చల్లారకముందే తేవాలి, లేకపోతే సేటు పొగలు కక్కుతాడు. ఆయన రొట్టె తుంచి, వెల్లుల్లి కారం అద్దుకొని, కారు మాట ఎత్తాడు.

శనివారం రిబ్కమ్మ బిడ్డ చందన పెళ్ళి. చర్చిలో ప్రమాణాలయ్యాక ఎర్రకారెక్కి, బజారు మీదుగా ఫంక్షన్ హాలుకు పోవాలని ఆ పిల్ల కోరిక. చిన్నప్పటి నుంచి పెనం పక్కన కూర్చొని ఎదుటి రోడ్డు మీద ఎన్ని బారాత్‌లు చూసిందో ఆమెకే తెలియాలి. ఆ కోరిక విని వీరేశ్ ఒప్పుకున్నాడు. రిబ్కమ్మ అదనంగా వేసిన రొట్టె నములుతూ, నేనే తోల్త అక్కా అని మాటిచ్చాడు. నోరు నిండుగా ఉన్నందువల్ల ఇచ్చిన మాట ఎంత పెద్దదో అప్పుడు తెలియలేదు.

ఆ మాట ఇప్పుడు సేటు చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, వీరేశ్ కూడా కోప్పడేవాడు.

"సోమవారం మనూరు పటేలింట్ల పెండ్లి," అన్నాడు సేటు, మెత్తగా. "వాళ్ళ పిలగాడు గా డిక్కీ మీదనే కూసోవాలె. శనివారం చర్చి వాడల తిరిగొచ్చిన బండి అని తెలిస్తె కూసుంటడా? నాకైతె పట్టింపు లేదురా. పట్టింపున్నోళ్ళతోని పని వడ్తది."

పట్టింపు లేని మనిషి చేతిలో రిబ్కమ్మ రొట్టె సగానికి వచ్చింది. వీరేశ్ రొట్టెను చూశాడు, రొట్టె పోతున్న దారిని చూశాడు. ఆమె చేతి రొట్టె సేటు గొంతులోకి దిగొచ్చు. ఆమె కడుపున పుట్టిన పిల్ల సేటు డిక్కీ మీదికి ఎక్కకూడదు. ఇందులో లెక్క ఎక్కడ తప్పిందో గానీ, రొట్టెకు మాత్రం తెలిసినట్టు లేదు. అది మెత్తగా దిగిపోతూనే ఉంది.

మరేం చెప్పమంటావని అడిగాడు వీరేశ్. కారు కారుతుందని చెప్పమన్నాడు సేటు. టంకీకి చిల్లి పడిందని, దించితే గానీ కాదని. ఉత్తగ చెప్తే ఎవరూ నమ్మరు గనక, జహీర్ షెడ్డులో పెట్టి నిజంగానే టంకీ దించి నలుగురికీ కనపడేట్టు పడెయ్యాలి. ఆదివారం మళ్ళీ ఎక్కించుకోవచ్చు.

వీరేశ్‌ది నాగల్‌గిద్ద అవతల, కర్ణాటక గాలి తగిలే పల్లె. ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, షెడ్డులో దక్కనీ. కన్నడంలో సాకు అంటే చాలు అని. సేటు చెప్పిన తెలుగు సాకు వింటూ, మనసులో కన్నడం సాకు అనుకున్నాడు. నోటితో మాత్రం సరే అన్నాడు. ఇంట్లో తినే నోళ్ళున్నప్పుడు అనే నోరు ఒక్కోసారి అంతే అంటుంది.

ఆ మధ్యాహ్నం పెనం ముందుకు పోయి చెప్పాడు. రిబ్కమ్మ అతని మొహంలోకి చూడలేదు. పిండి ముద్దను అరచేతుల మధ్య తట్టీ తట్టీ, అవసరమైన దానికంటే పల్చగా చేసి పెనం మీద వేసింది. "టంకీనా?" అని మాత్రం అడిగింది. టంకీయేనన్నాడు. ఆ రోజు అదనపు రొట్టె పడలేదు.

గురువారం కారు జహీర్ షెడ్డు చేరింది. జహీర్ దగ్గర ఏదీ దాగదు, పేరుకు దగ్గరగానే అన్నీ జాహిర్ చేసే మనిషి. మంచిగున్న టంకీని దించుడెందుకని మొదట అడిగాడు. విషయం విన్నాడు. అబద్ధానికి గింత మెహనతా అని తల పట్టుకున్నాడు. మనసు ఒప్పుకోక, చెయ్యి ఊరుకోక, చివరికి పానాలు తీశాడు.

కారేమో నేలకు అంటుకొని ఉంటుంది, జహీర్ బొజ్జేమో ఆకాశానికి అంటుకొని ఉంటుంది. ఇద్దరికీ రాజీ కుదర్చడానికి చక్రాల కింద కట్టె మొద్దులు పెట్టి వెనక భాగం లేపారు. షెడ్డులో అందరి బీడీలూ బంద్ అన్నాడు జహీర్. అందరంటే వాళ్ళిద్దరే. ముందు బ్యాటరీ వైరు ఊడదీశాడు. తర్వాత రబ్బరు పైపు టంకీలోకి దించి, రెండో కొస నోట్లో పెట్టుకొని ఒక్క పీల్పు పీల్చాడు. పెట్రోలు వచ్చే చప్పుడు చెవితోనే కనిపెట్టి, నాలిక్కి తగిలేలోపు పైపును డబ్బాలోకి వంచేశాడు. ఊరికే ఉమ్మేసి నోరు కడుక్కున్నాడు. పెట్రోలు వేలి మందం ధారగా దిగుతుంటే, డిక్కీలో మఖ్మల్ తీసి, పరుపు తీసి, కింది పట్టా తీశారు. పట్టా కింద ఎన్ని పెళ్ళిళ్ళున్నాయో! ఎండిన మల్లెలు, ముత్యాలపూసలు, తలంబ్రాల బియ్యం. వీరేశ్ వాటిని చీపురుతో ఊడ్వలేక చేతితో ఏరి కాగితంలో కట్టాడు.

"గవి దాచి నువ్వేం జేస్తవ్? మల్ల పెండ్లి జేస్కుంటవా?" అని జహీర్ ఎగతాళి పట్టించాడు.

పెట్రోలు ఎంతుందో చూపే కాటా వైరు తీశారు. పెట్రోలు పోసే మూతి కాడి క్లిప్పు వదులు చేశారు. ఇంజను వైపు పోయే సన్నపైపు ఊడదీసి, కొసకు గుడ్డ పీలిక దూర్చారు. టంకీ కింద జాకీ పెట్టి, జాకీకీ టంకీకీ మధ్య బల్లచెక్క వేశారు. ఇక మిగిలింది రెండు పట్టీలు. టంకీని కింద నుంచి ఎత్తి, నడుముకు మొలతాడు కట్టినట్టు పట్టి ఉంచే ఇనుప పట్టీలు. మొదటిది నూనె తాగి బుద్ధిగా ఊడింది. రెండోది తాగిన నూనెకు విశ్వాసం చూపలేదు. జహీర్ బలమంతా పెట్టాడు. నట్టు తిరగలేదు గానీ పానా జారి వేలి చర్మం లేచింది.

"గీ నట్టు వస్తలేదు. ఏం జేద్దాం?" అన్నాడు కింద నుంచి.

వీరేశ్ అప్పుడు రోడ్డు వైపు చూస్తున్నాడు. రొట్టెల బుట్ట నెత్తి మీద పెట్టుకొని రిబ్కమ్మలాగే నడుస్తున్న ఒకావిడ పోతోంది. రిబ్కమ్మ కాదు. కాదని తెలిసేలోపు అతని గుండె ఒక గేరు తప్పింది. ఆ కంగారులో ఇంటి భాష బయటికొచ్చింది.

"తెగి," అన్నాడు. "పట్టీ తెగి, తెగి."

వీరేశ్ ఇంట్లో తెగి అంటే తియ్యి అని. తల్లి గిన్నె మూత తెగి అంటే మూత తియ్యాలి. జహీర్ చెవి తెలుగు చెవి. తెగనియ్యి అంటున్నాడనుకున్నాడు. రంపం బ్లేడు గుడ్డలో చుట్టి పట్టుకొని, నిప్పురవ్వ లేవకుండా నీళ్ళు చిలకరిస్తూ, రెండు చేతుల ఓపికతో ఆ పట్టీని కోసేశాడు. అది టింగుమని విరిగి మొద్దు మీద పడింది. ఆ చప్పుడుకు వీరేశ్ ఇటు తిరిగాడు.

"అయ్యో జహీర్ భాయ్, కోసినవా? నేను తియ్యమన్న గద."

"తెగి అంటివి."

"తెగి అంటే తియ్యి."

"నువ్వు ఎప్పుడు ఏ భాషల ఉంటవో నాకేం ఎర్క భాయ్? ముందుగాల హారన్ కొట్టి మాట్లాడు."

కోసిన పట్టీని ఇద్దరూ చెరో కొసా పట్టుకొని చూశారు. దాన్ని చేసిన కంపెనీ లేదు. బీదరో హైదరాబాదో పోయి, కొలత ఇచ్చి, కొత్తది కొట్టించుకోవాలి. ఆదివారానికి కాదు. అబద్ధం కోసం దించబోయిన టంకీ నిజంగానే దిగిపోయినట్టే.

జాకీ వదులు చేస్తే టంకీ నిద్రపోతున్న పిల్లలా మెల్లగా ఒళ్ళోకి వచ్చింది. బయటికి లాగి తిరగేశారు. తెగిన పట్టీ ఉన్నచోట, ఇనుముకూ ఇనుముకూ రాపిడి లేకుండా ఎవరో ఎప్పుడో పెట్టిన గుడ్డ పేలిక ఉంది. ప్రతి బారాత్‌కూ ముందు వీరేశ్ కారును తళతళా కడుగుతాడు. కడిగిన నీళ్ళన్నీ ఆ గుడ్డ తాగి, తాను తాగింది చాలక టంకీకీ తాగించింది. జహీర్ గుడ్డ పీకి, తుప్పు మీద బొటనవేలు ఆనించాడు. గట్టిగా కూడా నొక్కలేదు. వేలు అప్పడంలో దిగినట్టు లోపలికి దిగింది.

పట్టీ బిగువు మీదే ఆ పొక్క ఆగి ఉంది. ఇంకొక్క గుంతలో బండి ఎగిరితే, ఇంకొక్క పటాకు ఇటు పడితే. వీరేశ్‌కు తన వెనక, తన నెత్తి కంటే ఎత్తులో కూర్చున్న జంటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. కాగితపు పొట్లం జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాడు.

సాయంత్రం సేటు వచ్చాడు. నాటకం ఎట్లా కుదిరిందో చూద్దామని హుషారుగానే వచ్చాడు. జహీర్ ఆయన వేలు పట్టుకొని పొక్కలో పెట్టించాడు. సేటు వేలు తీయడం మరిచిపోయాడు. కూర్చోవడానికి ఏదైనా ఇమ్మంటే టైరు చూపించారు. కూలబడ్డాడు.

తర్వాత కోసిన పట్టీ చూశాడు. ఎవడు కొయ్యమన్నాడని అడిగాడు. భాష కొయ్యమంది అన్నాడు జహీర్. సేటు వీరేశ్ వైపు తిరిగి, నిజం చెప్పు, తెగి అని ఏ భాషలో అన్నావని నిలదీశాడు. అప్పటిదాకా కన్నడంలోనే అన్నానని వీరేశ్‌కు గట్టి నమ్మకం. ఇప్పుడు అడిగితే తనకే అనుమానం వచ్చింది.

సేటు అక్కడి నుంచే మనూరుకు ఫోన్ చేశాడు. టంకీ ఖరాబైందని, సోమవారానికి కారు రాదని, జీవితంలో మొదటిసారి ఆ మాట నిజంగా చెప్పాడు. అవతలివాళ్ళు నమ్మలేదు. ఇంకెవరో పెద్దింటివాళ్ళు అడిగితే మమ్మల్ని తప్పిస్తున్నావా, మాకే సాకులా అని అరిచారు. సేటు ఫోన్‌లోనే ఒట్టు పెట్టుకున్నాడు, టంకీ ఫొటో పంపుతానన్నాడు. జహీరాబాదు నుంచి గుర్రాల బగ్గీ తెచ్చుకుంటామని వాళ్ళు పెట్టేశారు. సేటు ఫోన్ జేబులో పెట్టుకొని, "నిజం చెప్తే గూడ నమ్మకపోతె ఎట్లరా?" అన్నాడు, ఎవరితోనో. జవాబు చెప్పవలసింది ఆ టంకీయే, అదేమో నోరు తెరుచుకొని ఊరుకుంది.

శుక్రవారం పెనం ఆర్పాక రిబ్కమ్మ షెడ్డుకు వచ్చింది. ముంజేతుల దాకా పిండి ఉంది. పెళ్ళి రేపు పెట్టుకొని కూడా రొట్టెలు కొట్టే వచ్చింది. గోడకు ఆనించిన టంకీ దగ్గర వంగి, పొక్క చుట్టూ వేలితో తడిమింది. వేలి పిండి తుప్పుకు అంటి ఎర్రబడింది.

"తప్పయింది తమ్మీ," అంది. "మా వాడకు పంపబుద్ధి గాక సాకు చెప్తున్నరనుకున్న. నిన్ను మస్తు తిట్టుకున్న. పిల్ల ముందట గూడ తిట్టిన. నిజంగనే పాడైంది."

వీరేశ్‌కు పారిపోయే వీలుంది. కారు నిజంగానే చెడింది, అక్క నిజంగానే నమ్మింది. ఇచ్చిన మాట తప్పినా మర్యాద దక్కింది, కొలువూ దక్కింది. ఊరుకుంటే చాలు. కానీ పొక్క పడ్డాక మాట పొక్కకుండా ఆగేట్టు లేదు.

"నువ్వు తిట్టుకున్నదే నిజం అక్కా," అన్నాడు. "నేను నీకు చెప్పిననాడు టంకీ మంచిగనే ఉందనుకుంటిమి. సాకే చెప్పిన. పొక్క నిన్న కనవడ్డది."

రిబ్కమ్మ చేతులు దులుపుకుంది. పిండి రాలింది. కొంగుతో మూతి తుడుచుకుంది. తిడుతుందని చూశాడు, ఏడుస్తుందని భయపడ్డాడు. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. సంతలో బర్రెను చూసినట్టు చూసి, జహీర్‌ను అడిగింది.

"పెట్రోలు లేకుంటే నడువదు, సరే. నూకుతే?"

జహీర్ పానా కింద పెట్టాడు. నూకుతే బ్రహ్మాండంగా నడుస్తుందన్నాడు. టంకీ బరువు కూడా లేదు, పెట్రోలు చుక్క లేదు, ముందర పటాకులు కాదు, బాంబులు పేల్చినా పరేషాన్ లేదు. ఈ బండి మీద ఇంతకంటే క్షేమంగా ఏ జంటా కూర్చోలేదన్నాడు. అయినా బారాత్ అంటే నూకుడే గదా, జగన్నాథ రథానికి ఇంజనెక్కడిది అని తన జోకుకు తానే నవ్వాడు.

"మా వాడల మనుషులకు కొదవ లేదు," అంది రిబ్కమ్మ. "పోయి మీ సేటును అడుగు. గీసారి ఏం చెప్తడో నాకు వచ్చి చెప్పు."

వీరేశ్ వెళ్ళేసరికి సేటు దుకాణంలో షామియానా మడతపెడుతున్నాడు. వీరేశ్ రెండో కొస పట్టుకున్నాడు. ఒకరికొకరు ఎదురొస్తూ, కొసలు కలుపుతూ, దూరం జరుగుతూ నాలుగు మడతలు పెట్టేలోపు విషయం చెప్పాడు. టంకీ లేకుంటే కారు నడవదని చెప్పమన్నావు, చెప్పాను. వాళ్ళు నూకుకుంటారట.

సేటు గుడ్డ మీది ముడతను అరచేత్తో సాపు చేశాడు. లేని ముడతలు కూడా సాపు చేశాడు.

"నీకు పట్టింపు లేదంటివి," అన్నాడు వీరేశ్. సాయంత్రానికల్లా కొలువు ఉంటుందో ఊడుతుందో అనుకుంటూనే అన్నాడు. "పట్టింపున్నోళ్ళు మనూరోళ్ళంటివి. వాళ్ళు బగ్గీ చెప్పుకున్నరు. ఇంకెవరున్నరు సేటు?"

దుకాణంలో ఇద్దరే ఉన్నారు. సేటు షామియానా కట్టను ఎత్తి అటక మీద పెట్టి, అటకతోనే మాట్లాడాడు.

"నేను చూడలే. నాకు తెల్వదు. రేపు షట్టరు దించుకొని లోపల లెక్కలు చూస్కుంట. తాళంచెవి నువ్వే తీస్కపోయినవ్, నన్ను అడుగలే."

అడగలేదని వీరేశ్ కూడా ఒప్పుకున్నాడు.

శనివారం చర్చి నుంచి కారు బయల్దేరింది. చందన గులాబీరంగు అంచున్న తెల్లచీరలో డిక్కీ మీద కూర్చొని ఉంది. పక్కన పెళ్ళికొడుకు థామస్, కొత్త కోటులో కాలు కదిలిస్తే కుట్టు విడుతుందన్నట్టు బిగుసుకొని ఉన్నాడు. ఇంజను చప్పుడు లేకపోవడంతో బ్యాండు పాట మొదటిసారి పూర్తిగా వినపడింది. వెనక వాడ పిల్లగాళ్ళు, పెద్దమనుషులు, కాపడం పెట్టించుకోవలసిన నడుములవాళ్ళు కూడా వంతులేసుకొని నూకుతున్నారు. రిబ్కమ్మ పట్టుచీర కుచ్చెళ్ళు పైకి దోపి అందరికంటే ముందుంది. జనం దుకాణాల మెట్ల మీదికి వచ్చి చూశారు. కొందరు నవ్వారు. వాళ్ళ పెళ్ళిలోనూ ఇదే కారు గనక, ఆ నవ్వులో పంటి కింద రాయి ఏదో పడ్డట్టుంది. వీరేశ్ స్టీరింగును రెండు చేతులా పట్టుకొని, సూటిగా ముందుకే చూస్తూ, తన జీవితంలో అతి వేగంగా పోతున్నవాడిలా చెమటలు కక్కుతున్నాడు.

టెంట్ హౌసు ముందర చిన్న ఎక్కు ఉంది. మామూలుగా అది ఎక్కు అని ఎవరికీ తెలియదు. ఫొటోగ్రాఫరు అక్కడే ఆపమన్నాడు. ఆపారు. ఫొటో తీసుకొని అతను పక్కకు జరిగాక మళ్ళీ నూకితే కారు కదల్లేదు. ఇంకొందరు చేతులేశారు. కదల్లేదు. బ్యాండువాళ్ళు కొంత దూరం పోయి, వెనక ఎవరూ లేరని చూసుకొని, నిలబడ్డచోటే అదే చరణం మళ్ళీ మళ్ళీ వాయించసాగారు. రిబ్కమ్మ ఆయాసం వీరేశ్ చెవిదాకా వినిపిస్తోంది. మెట్ల మీది నవ్వులు పెరిగాయి. థామస్ దిగబోతే చందన అతని కోటు పట్టుకొని కూర్చోబెట్టింది. టెంట్ హౌసు షట్టరు సగం దించి ఉంది. ఆ సగం కింద రెండు చెప్పులు, వాటిలో రెండు పాదాలు కదలకుండా నిలబడి ఉన్నాయి. వీరేశ్ అటు చూడకుండా ఉండటానికి మెడ నరాలు బిగబట్టాడు.

షట్టరు గడగడా పైకి లేచింది.

"అరె వీరేశ్, హ్యాండుబ్రేకు దించురా," అన్నాడు జగన్నాథ్. "నా కారును సంపుతుండ్రు."

వీరేశ్ కిందికి చూశాడు. బ్రేకు పైకే ఉంది. ఫొటో కోసం ఆగినప్పుడు భయానికి చెయ్యే లాగేసింది. దించబోతే చెమటకు పిడి జారింది. సేటు అప్పటికే మెట్లు దిగి, జనాన్ని తోసుకొచ్చి, తలుపు మీదుగా వంగి, మీట నొక్కి తానే దించాడు. అంతటితో వెనక్కి పోవలసినవాడు. కానీ కారు వెనక్కి ఒక జానెడు జారింది. నూకేవాళ్ళంతా ఒక్కసారే డిక్కీ రేకు మీద అరచేతులేసి ఆనుకున్నారు. సేటు ప్రాణం విలవిల్లాడింది.

"డిక్కీ మీద చేతులు వెయ్యకుండ్రి, సొట్ట వడ్తది," అంటూ వెనక్కి ఉరికాడు. "జరుగు రిబ్కమ్మా, జర జాగియ్యి. కింది బంపరు వట్టాలె. నడుము వంచి, భుజం ఆనిచ్చి, గిట్ల."

గిట్ల అని చూపించడానికి వంగిన మనిషి, చౌరస్తా దాటేదాకా లేవలేదు.